చెత్తదిబ్బపై నాటస్థలము

పూర్వము మన పల్లెలలో పెంటకుప్ప యనగా రోత పుట్టించు వస్తువు గాదు. అది రైతు యొక్క సొత్తు. పశువుల పేడయు, కొట్టములోని చెత్తయు, పొయ్యి బూడిదయు, వాకిలి యూడ్చిన తుక్కును సంవత్సరము పొడుగున ఒక గోతిలో పోగుచేసి, ఎండకాలము రాగానే బండ్లు కట్టి చేలకు తోలెడివారు. తొలకరి వాన పడునప్పటికి ఆ గోయి మరల ఖాళీయై యుండెడిది. కుప్ప పెద్దదిగా నున్నచో ఆ యింట పశువులు మెండుగా నున్నవని యర్థము. ఊరి నుండి వెలువడిన దానిలో భూమికి తిరిగి చేరనిది దాదాపు ఏమియు నుండెడిది కాదు. కుండపెంకులు, గాజుముక్కలు మాత్రము మిగిలెడివి; ఆ పెంకులనైనను పిల్లలు ఏఱుకొని తొక్కుడుబిళ్ల యాడుకొనెడివారు.

నేటి కుప్ప వేఱు. దానిలో పాలిథీను సంచులు, మందుసీసాలు, సూదులు, టార్చి సెల్లులు, పాదరసపు వాయువు గల ట్యూబులైట్లు, రంగు డబ్బాలు, రబ్బరు చెప్పులు, తీగలు మొదలగునవి కూరగాయల తొక్కలతోడను మిగిలిన యన్నముతోడను కలసి పడియుండును. దీనిని ఏ రైతును చేనికి తోలడు. తోలిన చేను చెడును. అందుచేత అది పడిన చోటనే నిలిచిపోవును, ఏటేట పెరుగును. ఢిల్లీ నగరమునకు తూర్పున నున్న ఘాజీపూర్ దిబ్బ 2019 నాటికి 65 మీటర్లు, అనగా 213 అడుగుల యెత్తు పెరిగినది. మన మెదకు చర్చి గోపురము 175 అడుగులని మీరెల్లరు నెఱుగుదురు. ఆ గోపురము కంటె నెత్తయిన చెత్తకొండను మనస్సులో నూహించుకొనుడు. 2017 సెప్టెంబరు 1వ తేదీన ఆ కొండలో నొక భాగము విఱిగి, ప్రక్కనున్న రోడ్డు మీదను కాలువలోను పడగా ఇద్దఱు మరణించిరి.

మన యొద్ది పట్టణముల దిబ్బలు అంతటివి కావు. అయినను వానికొక సామాన్య చరిత్ర కలదు. మొదట ఊరికి దూరముగా నుండు పల్లపు నేలను, లేక ఱాయి త్రవ్విన క్వారీని, లేక ఎండిన కుంటను చెత్త వేయుటకు ఎన్నుకొందురు. ఇరువది ముప్పది సంవత్సరములలో ఊరు పెరిగి దాని చుట్టునకు వచ్చును. ఇక చెత్త వేయరాదని జనులు మొఱ పెట్టుదురు, దిబ్బ మూయబడును. అప్పుడు ఊరి నడుమ నంతటి ఖాళీస్థలము మఱియొకటి యుండదు. పిల్లలకు ఆటస్థలము లేదు. కావున బుల్‌డోజరు తెప్పించి, దిబ్బను చదును చేసి, అడుగు మందము మొరము పోసి, గోలుస్తంభములు పాతిన పని ముగిసినదని తోచును. ఆటస్థలము లేని బాలురు ఎవరి యనుమతి కొఱకును వేచియుండరు. చదును కనబడినచో వికెట్లు పాతుదురు. అది వారి తప్పు కాదు. కాని ఆ మొరము క్రింద నేమి జరుగుచున్నదో తెలిసికొనిన పిమ్మట ఆడుట మంచిదా, తెలియక యాడుట మంచిదా యని యడిగిన, తెలిసికొనుటయే మంచిదని నా యభిప్రాయము. ఈ పాఠము అందుకొఱకే.

దిబ్బలోని వంట

చెత్తపై మట్టి కప్పిన తోడనే అది చచ్చినదని యనుకొనరాదు. మట్టి క్రింద నది బ్రదుకును. మొదటి కొలదిదినములలో చెత్త సందులలో చిక్కుకొనిన ప్రాణవాయువును సూక్ష్మజీవులు వాడివేయును. ఆ పిమ్మట ప్రాణవాయువు లేకయే జీవింపగల వేఱొక జాతి సూక్ష్మజీవులు పనికి పూనుకొనును. ఇవి తొక్కలను, ఆకులను, కాగితములను, కఱ్ఱను మెల్లమెల్లగా కుళ్లించి మొదట ఆమ్లములుగాను, తరువాత వాయువులుగాను మార్చును. ఆ వాయువులలో రమారమి సగము మీథేను. మిగిలినదానిలో నెక్కువ భాగము బొగ్గుపులుసు వాయువు, అనగా మీ పుస్తకములలోని కార్బన్ డయాక్సైడు. మన యిండ్లలో గోబరుగ్యాసు అనబడునదియు నిదియే. గోబరుగ్యాసు తొట్టిలో దానికి గొట్టమును పొయ్యియు నుండును. దిబ్బలో నవి లేవు. కావున అది తనకు దొరకిన త్రోవనే పోవును.

మీథేనుకు రంగు లేదు, వాసన లేదు. చెత్త యొద్ద మనకు తగులు కంపు ఇతర వాయువులది. కంపు తగ్గినది గనుక వాయువు పోయినదని యనుకొనుట పొరపాటు. గాలిలో మీథేను నూటికి 5 పాళ్లకు తక్కువగా నున్న మండదు. 15 పాళ్లకు మించినను మండదు. ఈ రెంటి నడుమ నున్నప్పుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. బయలు ప్రదేశమున గాలి వీచి దానిని చెదరగొట్టును గాన అపాయము తక్కువ. గదిలోనైన, అలమారలోనైన, కరెంటు తీగలు పోవు భూగర్భపు గొట్టములోనైన అది పోగుపడును. ఆటస్థలపు అంచున సామానుల గది కట్టించువారు ఈ సంగతిని మఱవరాదు.

దీనికి దృష్టాంతముగా ఇంగ్లండు దేశపు సంగతి యొకటి చెప్పెదను. డెర్బీషైరులో లాస్కో అను గ్రామము కలదు. అచట ఇటుకల కొఱకు మట్టి త్రవ్విన పాత గోతిని చెత్తతో నింపి, పైని మట్టి కప్పి మూసివేసిరి. 1986 మార్చి 24వ తేదీ తెల్లవారుజామున ఆ గోతికి కొంత దూరములో నున్న ఒక యిల్లు ప్రేలి కూలిపోయెను. లోపల నున్న ముగ్గురు గాయపడిరి. ప్రాణములు మాత్రము దక్కెను. వాయువు నేలలోని ఱాతిపొరల సందులగుండ ప్రాకి యింటి నేల క్రిందికి చేరి, నీళ్లు కాచు బాయిలరు నిప్పుతో నంటుకొనెనని విచారణలో తేలినది. మఱి యంతకాలము ఊరకయుండి ఆ నాడే యేల ప్రేలవలెను? అంతకు ముందు ఏడు గంటలలో ఆ ప్రాంతపు వాయుపీడనము 29 మిల్లీబార్లు పడిపోయెను. భారమితి పాఠము గుఱుతునకు తెచ్చుకొనుడు. పైనుండి గాలి యదుము బలము తగ్గగానే, నేలలో నిఱుకుకొనియున్న వాయువు సోడాసీసా మూత తీసినట్లు బయటికి పొంగినది. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు మనకును పీడనము పడిపోవును గదా. తుపాను దినములలో పాతదిబ్బల యొద్ద మూసిన గదులలో దీపము వెలిగింపరాదనుటకు కారణ మిదియే.

ఈ కథలో మఱియొక పాఠమును కలదు. గోతిని మట్టితో గట్టిగా కప్పుటచేత వాయువు పైకి పోలేక ప్రక్కలకు మళ్లినది. అనగా గొట్టములు పెట్టక కప్పు మాత్రమే వేయుట, అసలు కప్పకుండుట కంటె కొన్ని సందర్భములలో నెక్కువ ప్రమాదము.

ఇక నేల కుంగుట. కుళ్లిన వస్తువు వాయువై పోవుచున్నప్పుడు దాని చోటు ఖాళీ యగును. తుప్పుపట్టిన డబ్బాలు నలిగిపోవును. పై బరువునకు సంచులు అణగును. అందుచేత దిబ్బ యెత్తు ఏటేట తగ్గును. లోతులో పదవవంతు నుండి ఐదవవంతు వఱకును, ఒక్కొక్కచో నంతకు మించియు దిగవచ్చును. పది మీటర్ల దిబ్బ రెండు మీటర్లు దిగినదనుకొందము. అంతయు నొక్కతీరుగా దిగిన చిక్కు లేదు. కాని ఒక చోట అరటిబోదెలు, ఒక చోట ఇటుకముక్కలు పడియుండును గాన ఒక ప్రక్క జానెడు, ఒక ప్రక్క మూరెడు కుంగును. క్రికెట్టు పిచ్చి వంకరపోవును. సిమెంటు కోర్టు బీటలిచ్చును. గుంతలలో వాననీరు నిలిచి దోమలు పుట్టును. ఆ నిలిచిన నీరే లోపలికి దిగి మురుగూట యగును.

నీటి లెక్క

అంకగణితమునకు తగిన లెక్క యొకటి. మన మెదకు ప్రాంతమున సాలునకు సుమారు 850 మిల్లీమీటర్ల వాన కురియుననుకొందము. ఒక యెకరము 4,047 చదరపు మీటర్లు. గుణింపగా 3,440 ఘనపు మీటర్లు, అనగా 34 లక్షల 40 వేల లీటర్ల నీరు ఎకరము దిబ్బపై పడును. అందు ఐదవవంతు మాత్రమే లోనికి దిగినదనుకొనినను 6 లక్షల 88 వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులతో కొలిచిన 137 ట్యాంకరులు నిండి కొంత మిగులును. ఈ నీరు చెత్త గుండ దిగుచు, అందలి యామ్లములను, ఉప్పులను, సెల్లులలోని లోహములను కరగించుకొని నల్లని డికాక్షను వలె నడుగునకు చేఱును. ఇంజనీర్లు దీనిని లీచేటు అందురు. మనము మురుగూట యందము.

మన నేల క్రింద ఎక్కువగా నల్లఱాయి, అనగా గ్రానైటు. గట్టిఱాయి గదా, నీరు దిగదని కొందఱందురు. అట్లయిన మన బోరుబావులకు నీరెక్కడిది? ఱాతిపై నున్న మొరపుపొరలోను, ఱాతి పగుళ్లలోను నున్న నీరే మనము త్రాగునది. మురుగూటకును అదే త్రోవ. ఒకసారి పగులులో జొచ్చిన విషము ఏ దిక్కున తేలునో చెప్పుట కష్టము. దానిని వెలికి తీయుట మఱింత కష్టము. హైదరాబాదు నగరపు చెత్తను వేయు జవహర్‌నగరు దిబ్బ యొద్ద మల్కారము చెఱువునకు ఈ గతియే పట్టినది. కోటి టన్నులకు మించిన పాత చెత్తపై 2020–21 నాటికి కప్పు వేసి, వాయువు పోవుటకు గొట్టములు దించిరి; 2020లో చెత్తను కాల్చి విద్యుత్తు పుట్టించు 19.8 మెగావాట్ల కర్మాగారమును నడపనారంభించిరి. అయినను అంతకు ముందే చెఱువులో దిగిన యూటను శుద్ధిచేయుట వేఱొక పెద్దపనిగా మిగిలినది.

ఇది చెత్త వలన వచ్చినది. కర్మాగారముల వలన వచ్చిన దానిని మన పాత మెదకు జిల్లాయే చూచినది. 1970 తరువాత పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో వెలసిన కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగులో పడెను. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర ఆ పిమ్మట మన వైపునకే వచ్చును. ఘనపురము ఆనకట్ట క్రింద మడులు తడుపు నీరు ఆ నదిదే. పొలములు చెడి, బావులు చెడి, 1990లో ఆ వ్యవహారము సుప్రీముకోర్టు వఱకు పోయెను. వ్యాజ్యము పోయినంత వేగముగా నీరు బాగుపడదు. అందుచేతనే దిబ్బ విషయమున ముందుగానే కఠినముగా నుండవలెనని నేను తలంచుచున్నాను.

మిద్దెకప్పు వంటి కప్పు

దిబ్బపై వేయవలసిన కప్పును గుఱించి తెలిసికొనుటకు మన పాతమిద్దెలను చూచిన చాలును. దూలములపై చెక్కలు పఱచి, మట్టి వేసి త్రొక్కి, పైని చవుడు మన్ను చల్లి, నీరు నిలువకుండ వాలు తీర్చి, గొట్టము గుండ వీథిలోనికి వదలెడివారు. ఏటేట వానలకు ముందు మరల చవుడు చల్లెడివారు. నీరు ఇగురనీయని పొర యొకటి, నీరు పోవుటకు వాలు ఒకటి, సంవత్సరమున కొకసారి మరమ్మతు ఒకటి: ఈ మూడింటిలో నేది తప్పినను మిద్దె కాఱును. దిబ్బయు నంతే.

భారత ప్రభుత్వమువారు 2016లో ప్రకటించిన ఘనవ్యర్థముల నిర్వహణ నిబంధనలలో నీ కప్పు కొలతలు చెప్పబడినవి. చెత్తపై 60 సెంటీమీటర్ల మందము గట్టిగా దిమ్మిసకొట్టిన బంకమట్టి. దానిపై నీరు ప్రక్కకు జాఱిపోవుటకు 15 సెంటీమీటర్ల పొర. దానిపై మొక్కలు పెరుగుటకు 45 సెంటీమీటర్ల మన్ను. మొత్తము 120 సెంటీమీటర్లు, అనగా నాలుగడుగులకు కొంచెము తక్కువ. అడుగు మొరముతో పని ముగిసినదనువారు ఈ లెక్కను చూడవలెను. మొరము నీటిని ఆపదు, జల్లెడవలె దింపును.

బంకమట్టి యనగానే మనవారికి నల్లరేగడి తోచును. అది తడిసినప్పుడు నీటిని చక్కగా నాపునను మాట నిజమే. కాని ఎండకాలమున రేగడి చేనిలో నెఱ్ఱెలు మీరు చూడలేదా? చేయి దూరునంత పగుళ్లు పడును. దిబ్బపై నట్టి పగులు పడిన వాయువు పైకి వచ్చును, తొలివాన లోనికి పోవును. కావున రేగడిని వాడినచో పైపొర దళసరిగా నుంచి తేమ ఆఱకుండ కాపాడవలెను. సున్నము కలిపి దాని పొంగును తగ్గించు పద్ధతియు కలదు. చెల్కనేల యెఱ్ఱమన్ను ఒంటరిగా పనికిరాదు. పెద్దపనులలో నైతే మట్టితో పాటు దళసరి ప్లాస్టికు పఱుపును గూడ పఱచుదురు.

ఆ నిబంధనలలోనే మొక్కలను గుఱించి యొక వింత నియమము కలదు. కప్పుపై నాటు మొక్కలు తినదగినవి కారాదు, ఎండకు తాళవలెను, వేళ్లు 30 సెంటీమీటర్లకు మించి దిగరాదు. వేప, రావి, చింత నాటి నీడ కల్పింతమను నుత్సాహము మంచిదే కాని, ఆ వేళ్లు బంకపొరను చీల్చుకొని చెత్తలోనికి దిగును. గడ్డియు, చిన్న పొదలును చాలును. నీడచెట్లను దిబ్బ హద్దునకు వెలుపల నాటవలెను. కంచె ప్రక్క ములగచెట్టు పెట్టి కాయలు కోసికొందమనువారు మొదటి నియమమును చదువవలెను.

ఇంకను ముఖ్యమైనది కాలము. మూసిన పిమ్మట 15 సంవత్సరములు ఆ స్థలమును కనిపెట్టి చూడవలెననియు, వాయువును, ఊటను పరీక్షించి, నేల కుదురుకొనినదని నిశ్చయించిన తరువాతనే నివాసమునకు గాని, వేఱు పనికి గాని యాలోచింపవచ్చుననియు విధింపబడెను. మీథేను ప్రేలు పరిమితిలో నాలుగవ వంతునకు మించరాదు. అనగా నూటికి ఒకటింబాతిక పాలు. ఆఱవ తరగతిలో నుండగా మూసిన దిబ్బపై, ఆ బాలుడు ఉద్యోగస్థుడైన పిమ్మట గాని యాట మొదలు కారాదని యర్థము. ఇది విన్న బాలురు నిట్టూర్పు విడుతురు. దీనికి ప్రత్యామ్నాయము లేకపోలేదు. దానిని ముందు చెప్పెదను.

చేసి చూపినవారు

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమున 2000 సంవత్సరపు ఒలింపిక్ క్రీడలు జరిగిన హోంబుష్ తీరము ఒకప్పుడు కబేళాయు, ఇటుకల బట్టీయు, ఆయుధ భాండారమును, చెత్తగుంటలును గల స్థలము. సముద్రపు పాయ యంచున నున్న బురదనేలలను చెత్తతో పూడ్చియుండిరి. క్రీడలకు ముందు సుమారు 90 లక్షల ఘనపు మీటర్ల చెత్తను లెక్కకు తెచ్చుకొనిరి. దానిని దూరదేశమునకు తోలి మఱియొక యూరివారి నెత్తిన వేయక, అక్కడనే కొన్ని గుట్టలుగా చేర్చి, మట్టి కప్పి, అడుగున ఊరు నీటిని కాలువలలో పట్టి శుద్ధి చేయు నేర్పాటు గావించిరి. ఆటల భవనములు గుట్టలపై కట్టలేదు. గుట్టలను గడ్డి పెంచి నడచువారి కొఱకు విడిచిరి. ఇందులో నొక చిన్న ముచ్చట. పాత ఇటుకగుంటలో టెన్నిసు స్థలము కట్టవలెనని మొదట తలంచిరి. అచట ఆకుపచ్చ, బంగారు వన్నెలు గల అరుదైన కప్పలు నివసించుచున్నట్లు కనుగొని, టెన్నిసును వేఱొకచోటికి మార్చిరి. ఒలింపిక్ పతకముల పట్టికలో ఆ కప్పల పేరు లేదు గాని, అవి గెలిచినవనియే చెప్పవలెను. క్రీడలు ముగిసి ఇరువది సంవత్సరములు దాటినను ఊటను పట్టి పరీక్షించు పని యచట నేటికిని సాగుచున్నది.

అమెరికాలో న్యూయార్కు నగరమున ఫ్లషింగ్ మెడోస్ అను నుద్యానము కలదు. బ్రూక్లిను ఇండ్లలో మండిన బొగ్గు బూడిదను, చెత్తను ఇరువదవ శతాబ్ది మొదటి దశకములలో అక్కడ కుప్పలుగా పోసిరి. 1939 నాటి ప్రపంచ ప్రదర్శనము కొఱకు ఆ బూడిదను చదును చేసిరి. 1978 నుండి యూఎస్ ఓపెన్ టెన్నిసు పోటీలు ఆడునది ఆ స్థలముననే. 1997లో తెఱచిన ఆర్థర్ ఆష్ స్టేడియమునకు వానలో నాట నిలిచిపోకుండ కప్పు వేయదలచినప్పుడు చిక్కు వచ్చినది. క్రింది నేల మెత్తన. స్టేడియము గోడలు కప్పు బరువును గూడ మోయజాలవు. తుదకు స్టేడియమునకు తగులకుండ, లోతుగా దింపిన పునాదులపై వేఱు స్తంభములు నిలిపి, వానిపై తేలికయైన గుడ్డవంటి కప్పును అమర్చి 2016లో పూర్తిచేసిరి. బూడిద పోసి దాదాపు నూఱేండ్లు గడచెను. అప్పటికిని ఇంజనీర్లు దాని లెక్క వేయవలసి వచ్చెను.

వర్జీనియా బీచి అను పట్టణమువారు మఱియొక మార్గము పట్టిరి. చెత్త యొక పొర, శుభ్రమైన మన్ను ఒక పొర చొప్పున మొదటినుండియే అణచుచు 60 అడుగులకు మించిన గుట్ట చేసి, 1974లో దానిని ఉద్యానముగా తెఱచిరి. మన గోపురములో మూడవవంతు ఎత్తు. అచట గాలిపటము లెగురవేయుదురు. ఈ పద్ధతిలోని తెలివి యేమనగా, ఆట సంగతి చెత్త వేయక ముందే యాలోచించుట.

తీసివేయు త్రోవ

పదునైదేండ్లు వేచియుండలేనివారికి ప్రత్యామ్నాయము కలదంటిని. అది కప్పుట కాదు, త్రవ్వి తీసివేయుట. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు 2019లో దీనికి మార్గదర్శకములు ప్రకటించిరి. పాత చెత్తను పొడుగాటి వరుసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణము చల్లి, వారమున కొకసారి తిరుగవేసి, మూడు నాలుగు వారములు ఆఱనిత్తురు. కంపును, తడియు తగ్గిన పిమ్మట పెద్ద పెద్ద తిరుగుడు జల్లెడలలో వేసి జల్లింతురు. మన కల్లములో ధాన్యమును తూర్పారబట్టి పొల్లును, గింజను వేఱుచేయుట వంటి పనియే. ప్లాస్టికును, గుడ్డలును సిమెంటు కొలుములకు వంటచెఱకుగా పోవును, ఇనుము పాతసామాను కొనువారికి పోవును, ఱాళ్లు పల్లములు పూడ్చుటకు పనికివచ్చును, మిగిలినది సన్ననిమన్ను. మధ్యప్రదేశములోని ఇందూరు నగరమువారు 2018లో నీ విధముగా సుమారు 13 లక్షల టన్నుల పాతచెత్తను జల్లించి, 100 ఎకరముల నేలను తిరిగి పొందిరి.

ఈ పద్ధతియే నాకు నచ్చినది. మన పూర్వుల పెంటకుప్ప ఖాళీయైనట్లు ఇదియు ఖాళీ యగును. కాని సన్ననిమన్నును చూచి మోసపోరాదు. నల్లగా, పొడిగా, చక్కని యెరువు వలె నుండును. అందు సీసము మొదలగు లోహములు, గాజునలుసులు, ప్లాస్టికు తునుకలు మిగిలియుండును. పరీక్ష చేయింపక కూరగాయల మడిలో గాని, పసిపిల్లలు మట్టి నోటబెట్టుకొను చోట గాని వేయరాదు. చెత్త తీసిన పిమ్మట అడుగు నేలను, దాని చుట్టునున్న బోరునీటిని గూడ పరీక్షింపవలెను. అది శుభ్రమని తేలినచో పదునైదేండ్ల నిరీక్షణ యక్కరలేదు. కుంగుటకు చెత్తయే లేదు గదా.

మన యూళ్లలో

తెలంగాణములో 2019లో ఆరంభించిన పల్లెప్రగతి కార్యక్రమమున గ్రామ గ్రామమునకు చెత్తను వేఱుచేయు షెడ్డును, చెత్తస్థలమును ఏర్పఱచిరి. 2022లో తెలంగాణ క్రీడాప్రాంగణముల పేర ఊరూర ఆటస్థలముల నేర్పఱచ దొడగిరి. రెండును మంచి పనులే. రెండింటికిని కావలసినది ఊరి పొలిమేరలోని ప్రభుత్వ భూమియే. అది కొంచెమే యుండును. కావున ఒకనాటి చెత్తస్థలము మఱియొకనాటికి కబడ్డీ బరి యగుట మన కాలముననే, మన యెదుటనే జరుగగల సంగతి. ఇప్పటి ఎనిమిదవ తరగతి బాలికలు గ్రామసభలో కూర్చుండు వయస్సునకు వచ్చునప్పటికి ఈ ప్రశ్న వారి యొద్దకు తప్పక వచ్చును.

అప్పు డడుగవలసిన వేమి? ఈ స్థలమున నేమి పోసిరి, ఎన్ని సంవత్సరములు పోసిరి, ఎంత లోతు? ఆసుపత్రి చెత్త పడినదా? కుప్పను కాల్చెడివారా? (కాల్చిన బూడిదలోని విషము చెత్తలోని దాని కంటె తక్కువ కాదు.) తవ్వి తీసిరా, కప్పిరా? కప్పినచో ఎంత మందము, గొట్టములున్నవా? దగ్గఱి బావినీటిని ఎప్పుడు పరీక్షించిరి, ఆ కాగిత మెక్కడ? ఈ ప్రశ్నలు అడుగుట యెవరిని నిందించుట కాదు. సర్పంచి గారికిని, మునిసిపాలిటీ యింజనీరు గారికిని ఈ కాగితము లుండుటయే మేలు. లేకున్న అడిగిన పిమ్మటనైన తయారగును.

కప్పిన దిబ్బపై నాటలే పనికిరావని నేననను. వాలు చక్కగా నుండి, మన్ను దళసరిగా నుండి, వాయుపరీక్ష జరిగియున్నచో కబడ్డీ, ఖోఖో, వాలీబాలు మట్టిబరిలో నాడవచ్చును. నేల కుంగిన మన్ను పోసి సరిచేసికొనవచ్చును. సిమెంటు కోర్టు, గ్యాలరీ, ఈతకొలను, గోడలు గల గది అక్కడ వలదు. నీడకు నాలుగు ప్రక్కల తెఱపిగల పాక చాలును. బోరు వేయనేకూడదు, త్రాగునీరు వెలుపలినుండి తేవలెను. పెద్దవాన కురిసిన మఱునాడు ఆటకు ముందు ఒకరు స్థలమంతయు తిరిగి చూడవలెను, ఏలనన వాన మన్నును కోసి గాజుముక్కలను, సూదులను పైకి తెచ్చును. వట్టికాళ్లతో నాడరాదు. గాయమైనచో పసుపు అద్ది యూరకొనక, ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను. ఇంటికి పోయి చేతులు సబ్బుతో కడుగుకొనిన పిమ్మటనే అన్నము.

ఇంటి యొద్ద చేయదగిన ప్రయోగ మొకటి చెప్పి ముగించెదను. రెండు లీటర్ల తెల్లని ప్లాస్టికు సీసా మెడ కోసి, అడుగున సన్నని రంధ్రము చేసి, ఒక సాసరుపై నిలుపుడు. తరిగిన కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, చింపిన కాగితము, ఒక ఇనుపమేకు, ఒక పాలిథీను ముక్క పొరలుగా వేసి, పైని రెండంగుళముల మన్ను కప్పి, మట్టము వద్ద ఇంకుతో గీత గీయుడు. వారమున కొక గ్లాసు నీరు పోసి, సాసరులోనికి దిగిన నీటి రంగును చూచి, లిట్మసు కాగితము ముంచుడు. వేఱొక సీసాలో తొక్కలు, కొంచెము నీరు వేసి, మూతికి బుడగ తొడిగినచో కొలదిదినములలో నది ఉబ్బును. మొదట వచ్చునది ప్రధానముగా బొగ్గుపులుసు వాయువు. సున్నపుతేటలోనికి పంపిన తేట తెల్లబాఱును. మీథేను చాల దినములకు గాని రాదు. ఏ దశలోను దాని యొద్ద అగ్గిపుల్ల గీయరాదు. ముట్టిన ప్రతిసారి చేతులు కడుగుకొనుడు. వేసవి సెలవుల మొదటి దినమున సీసాను సిద్ధపఱచినవారు, జూను మాసమున బడి తెఱచిన నాడు మట్టము ఇంకుగీతకు ఎన్ని అంగుళములు దిగినదో, మేకు ఎట్లున్నదో, పాలిథీను ముక్క యెట్లున్నదో నోటుబుక్కులో వ్రాసి తీసికొని రండు.